జొన్నపాతరలో ఫిల్మ్ చుట్ట

కెమెరామన్‌నని తెలిస్తే చాలు, ఎవరైనా ముందు అడిగేది హీరోయిన్ల సంగతే. ఫలానా ఆవిడ నిజంగానే అంత తెల్లగా ఉంటుందా, ఫలానా ఆయన జుట్టు సొంతమేనా. ముప్పై ఏళ్ళకు పైగా సినిమాలకు కెమెరా పట్టాను. టీవీ వచ్చాక సీరియళ్ళకూ లైట్లు పెట్టాను. కానీ నేను కెమెరామన్‌నైంది ఏ అందగత్తె మొహాన్నో చూపించి కాదు, పల్నాడులో ఒక మట్టి కాలవలోకి పాక్కుంటూ వచ్చిన నీళ్ళను చూపించి. ఆ మాట చెప్పగానే అడిగినవాళ్ళు వాచీ చూసుకుంటారు. చూసుకోనీ. ఇక్కడ రాసేది నేను, నీళ్ళ సంగతే రాస్తాను.

మాది నరసరావుపేట. మా నాన్న మిషన్ బడిలో లెక్కల మాస్టారు. సినిమాహాలున్న వీధి ఎదురైతే చుట్టూ తిరిగి పోయే మనిషి. అలాంటాయన కొడుకు యాభైల్లో మద్రాసు పోయి ఫిల్మ్ కడిగే లాబొరేటరీలో చేరాడు. ఎవరైనా అడిగితే నాన్న, "మందుల కంపెనీలో చేస్తున్నాడు" అని చెప్పేవాడు పాపం. ఫిల్మ్ కడగడానికి వాడేది మందులేగదా, అబద్ధమేమీ కాదని ఆయన లెక్క. లాబొరేటరీ నుంచి కెమెరా డిపార్టుమెంటుకు మారాను. మారి ఏం లాభం, ఏళ్ళ తరబడి అసిస్టెంటునే. కెమెరాకీ మనిషికీ మధ్య టేపు పట్టి దూరం కొలవడం, లెన్సు తుడవడం, ఫిల్మ్ ఎక్కించడం, తిట్లు తినడం. బడిలో గుమాస్తా పని ఖాళీగా ఉంది, వచ్చి చేరరాదా అని నాన్న కబురు పెడుతూనే ఉండేవాడు. ముప్పై దాటాక ఆ కబురు అంత చేదుగా అనిపించడం మానేసింది. దానికే నాకు భయం వేసింది.

అరవైల చివర్లో కృష్ణ మీద డ్యాము నుంచి కుడి కాలవకు నీళ్ళు వదులుతున్నారంటే, మా డాక్యుమెంటరీ యూనిట్టు డ్యాము పక్కనున్న విజయపురి సౌత్‌లో దిగింది. యూనిట్టుకు పెద్ద కెమెరామన్ మా గురువుగారు. మాట పొదుపు, తిట్టు ధారాళం. నన్ను పక్కకు పిలిచి, "ఇక్కడ మంత్రులూ దండలూ నేను చూసుకుంటా. ఎండిన కాలవలోకి నీళ్ళు మొట్టమొదట వచ్చే ముక్క ఒకటి కావాలి నాకు. మీ వైపేగా, రెండో కెమెరా తీసుకుని నువ్వే పో" అన్నారు. ఆయనే మళ్ళీ, "బాగా తెచ్చావా, వచ్చే పనికి కెమెరా నీ చేతికిస్తా. పాడు చేశావా, ఇంక నన్నడక్కు. టేపు పట్టుకునే ముసలాడివవుదువుగాని" అన్నారు. నీళ్ళు మొదటిసారి రావడం ఒక్కసారే. ఇంకోసారి రమ్మంటే వచ్చేవి కావు.

గురజాలకు అవతల మా పెద్దమ్మ, అంటే మా అమ్మ అక్క, కాపురమున్న ఊరి పక్కనుంచే కాలవ పోతుంది. తవ్వి ఏళ్ళయింది. అందులో మేకలు మేసేవి, పిల్లలు గోళీలాడేవాళ్ళు. ఊళ్ళో బావి నీళ్ళు ఉప్పన. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు పోతే పెద్దమ్మ వెంట వాగుకు వెళ్ళేవాణ్ణి. ఇసకలో చెలమ తవ్వి, చిప్పతో తోడి, ఒక్కో బిందె నిండేదాకా కూర్చునేది. పెద్దనాన్నకున్నది మెట్ట చేను, దాన్లో జొన్న, మిరప. కాలవ నీళ్ళ కోసం ఆ ఊరు ఎంత ఎదురుచూసిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

నేను జీపులో కెమెరా పెట్టెలతో దిగాను. ఆ సాయంత్రం కాలవ గట్టు మీద జనాన్నీ, అడుగున పగుళ్ళిచ్చిన మట్టినీ తీశాను. కెమెరా మీద ఎక్కించే ఫిల్మ్ పెట్టెను మ్యాగజీన్ అంటాం. నాకిచ్చినవి రెండు, రెండూ అయిపోయాయి. నీళ్ళు ఎల్లుండిగాని రావన్నారు కాబట్టి తీరిగ్గా పొద్దున ఎక్కించుకోవచ్చు అనుకున్నాను. ఫిల్మ్‌కు వెలుతురు తగిలిందా, ఇక అంతే. అందుకని పగటిపూట ఎక్కించడానికి మా దగ్గర ఒక నల్ల సంచి ఉంటుంది. రెండు పొరల మందపు గుడ్డ, కింద జిప్పు, చేతులు దూర్చడానికి రెండు చొక్కాచేతులు, వాటి చివర రబ్బరు. మ్యాగజీన్‌నూ ఫిల్మ్‌నూ లోపల పెట్టి, జిప్పు వేసి, చేతులు దూర్చి, తడుముకుంటూ పని చేసుకోవాలి. కాలవ దుమ్ము దాంట్లో గంపెడు చేరింది. దులిపి, గాలికి ఆరనిద్దామని ఇంటి ముందు దండెం మీద వేసి పడుకున్నాను.

ఇక్కడ మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఆమెకు కుట్టుమిషను ఉంది. ఊరంతటికీ ఆమే దర్జీ. అయితే ఎవరూ వచ్చి, ఇది చినిగింది, ఇది కుట్టు అని చెప్పరు. పొలానికి పోతూ పోతూ ఆమె దండెం మీద బట్ట వేసి పోతారు. ఏం కావాలో ఆమే చూసుకుంటుంది. గుండీ ఊడితే గుండీ, మోకాలు చినిగితే మాసిక. సాయంత్రానికి బట్ట మళ్ళీ దండెం మీద ఉంటుంది. ఆ దండెం మీదికి వచ్చిందంటే అది కుట్టుకి వచ్చినట్టే.

పొద్దున నేను కాలవ దాకా పోయి ఎండ ఎటు పడుతుందో చూసుకుంటుంటే సైకిలు మీద ఒకాయన వచ్చి, నీళ్ళు తొందరగా వస్తున్నాయి, మధ్యాహ్నానికల్లా ఇక్కడుంటాయి అని కేకేసి పోయాడు. నేను పరుగున ఇంటికొచ్చాను. దండెం మీద సంచి ఉంది. దానికి మెడ ఉంది. గుండ్రంగా కత్తిరించి, అంచు మడిచి, సన్నటి కుట్టుతో, పైన ఒక హుక్కు కూడా.

"ఎవరిదిరా అబ్బాయ్ ఆ సొక్కా" అంది పెద్దమ్మ మిషను దగ్గర్నుంచి. "సేతులు పెట్టారు, సేతులకి రబ్బరు పెట్టారు, మెడ పెట్టడం మర్చిపోయారు. మద్రాసు దర్జీలకి కళ్ళు కనపడవా ఏంది? గుడ్డ చానా మందం, రెండు సూదులు ఇరిగినయ్."

నాకు ముందు నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో దేవుడికే తెలియాలి. తర్వాత అరుగు మీద కూలబడ్డాను. అది చొక్కా కాదని, ఫిల్మ్ ఎక్కించే సంచి అని, అది లేకపోతే కెమెరా ఉత్త ఇనప పెట్టె అని, ఇవాళ్టి ముక్క దక్కకపోతే నా పని ఇంతటితో సరి అని మెల్లగా చెప్పాను. ఆమె కత్తెర కింద పెట్టి, ఆ సంచిని ఒళ్ళో వేసుకుని, మెడ మీద అరచెయ్యి కప్పి చూసింది. "మాసికేస్తా" అంది. మాసిక వేస్తే సూది బెజ్జాల్లోంచి వెలుతురు వస్తుందన్నాను. ఆమె మొహం చూడలేకపోయాను.

చీకటి కోసం ఇల్లంతా వెతికాను. నాపరాళ్ళ గోడలు, పైన పెంకులు, ఎటు చూసినా వెలుతురు పూచికపుల్లల్లా దిగుతోంది. గొంగళి కప్పుకుని కూర్చుందామని చూశాను, లోపల నా చెయ్యి నాకు చక్కగా కనపడింది. అప్పుడు నా కళ్ళు వాకిట్లో జొన్నపాతర మీద పడ్డాయి. గింజలు దాచుకునే గొయ్యి. మూతి మనిషి దూరేంత, కడుపు మాత్రం కుండలా వెడల్పు. నిలబడితే ఇద్దరి ఎత్తు లోతు. ఆ ఏడు పంట లేక ఖాళీగా ఉంది. చిన్నప్పుడు దాంట్లోకి దిగి జొన్నలు గంపకెత్తినవాణ్ణే నేను.

పెద్దనాన్న ఒక్కటే మాటన్నాడు. "దిగుదువుగాని, లాంతరు సెప్పినాక."

మూసి ఉన్న పాతరలో గాలి చెడిపోయి ఉంటుంది. చూసుకోకుండా దిగినవాళ్ళు పైకి రాలేదన్న సంగతులు ఆ వైపు ప్రతి ఇంట్లోనూ విన్నవే. మూత తీసి, లాంతరు వెలిగించి తాడుతో దింపాడు. సగం దాకా వెలిగింది. తర్వాత ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.

"ఫిలిమూ వద్దు, గిలిమూ వద్దు" అంది పెద్దమ్మ. "మీ నాన్నకి నేనేం జవాబు సెప్పాల? ఇంట్లోకి రా."

"కాసేపు ఆగవే" అని పెద్దనాన్న వేపమండలు మోపు కట్టి, తాడుకు వేలాడదీసి, పాతరలో పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టాడు, లోపలి గాలి కదిలి బయటికి పోయేట్టు. నేనూ ఒక చెయ్యి వేశాను. అవతల కాలవ గట్టు మీద జనం కేకలు వినపడుతున్నాయి. ప్రతి కేకకూ నీళ్ళు వచ్చేశాయేమోనని తల తిప్పి అటు చూసేవాణ్ణి. మళ్ళీ లాంతరు దింపితే ఈసారి అడుగు దాకా వెలిగింది. అయినా ఆయన వెంటనే తియ్యలేదు. చుట్ట ముట్టించుకుని, అది సగం కాలేదాకా ఆ దీపాన్నే చూస్తూ కూర్చుని, అప్పుడు తల ఊపాడు.

ఒప్పందం ఏమిటంటే, నడుముకు తాడు కట్టుకుని దిగుతాను, మూతి మీద రాయి పెట్టి గొంగళి కప్పుతారు, పెద్దమ్మ పైనుంచి పిలుస్తూ ఉంటుంది, నేను పలుకుతూ ఉండాలి. పలక్కపోతే రాయి తీసేస్తారు. ఇంకో మాట కూడా అంది, "ఒక్కటే ఎక్కించుకో. రెండోదానికి నిన్ను దింపను." ఒక మ్యాగజీన్ అంటే నాలుగు నిమిషాలు, ఇంకొంచెం. సరేనన్నాను. సరేనక ఏం చేస్తాను.

దిగాను. పాత జొన్నల ముక్కవాసన. రాయి పడింది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక పైకి చూస్తే తాడు దూరిన చోట చుక్కంత వెలుతురు. "అక్కడ సందుంది" అని అరిచాను. పైన ఏదో సర్దుకున్న చప్పుడై చుక్క మాయమైంది. ఆ సందు మీద పెద్దమ్మే కూర్చుందని తర్వాత తెలిసింది.

"ఒరేయ్."

"ఆఁ."

"ఊపిరాడుతుందా?"

"ఆడుతుంది."

మధ్యలో ఆమె ప్రార్థన చేస్తోంది. అందులో సగం ప్రభువుతో, సగం నాతో. "ఈ మొండోణ్ణి కాపాడు తండ్రీ, అయిందారా? వీడికి బుద్ధియ్యి తండ్రీ, ఇంకెంతసేపురా?" నేను మ్యాగజీన్ విప్పి, నిన్న తీసిన చుట్టను నల్ల కాయితంలో చుట్టి డబ్బాలో పెట్టాను. డబ్బాకు అంటించాల్సిన టేపు ముక్క పెదాల మధ్య పట్టుకున్నాను. మేమందరం అలాగే పట్టుకుంటాం, చేతులు ఖాళీ ఉండవు మరి. డబ్బాను మోకాలితో అదిమిపెట్టి కొత్త చుట్ట తీసి, దాని కొసను మ్యాగజీన్ సందులోకి దూర్చాను. పెట్టె మూత ఇంకా తెరిచే ఉంది. సరిగ్గా అప్పుడు పిలిచింది.

"ఒరేయ్."

నోట్లో టేపు. ఊఁ అన్నాను. పైకి వినపడలేదు.

"ఒరేయ్ అబ్బాయ్." గొంతు మారింది. "ఏవయ్యా, పలకట్లా. తియ్యి రాయి. తియ్యమంటుంటే."

తాడు లాగాను. తాడు ఆమె కిందే ఉంది. రాయి కదిలిన చప్పుడు విన్నాను. టేపు ఉమ్మేసి, గొంతు చిరిగేట్టు, "ఉన్నా, బతికే ఉన్నా, కూర్చో" అని అరిచాను.

రాయి ఆగింది. తర్వాత పెద్దనాన్న గొంతు, "పలికాడుగా, కూర్చోవే." ఆమె కూర్చుంది. ఏడుస్తోందని తెలుస్తోంది. నేను పెట్టె మూత వేసి, గడి పెట్టి, కింద పొట్టులో తడిమి టేపు వెతికాను. దొరికిన టేపు నిండా జొన్నపొట్టు. దాన్నే డబ్బాకు చుట్టాను.

పైకి వచ్చి ఎండలో నిలబడితే గాలి ఎంత రుచిగా ఉందో చెప్పలేను. పెద్దమ్మ నా రెండు చెంపలూ పట్టుకుని చూసి, తల మీది పొట్టు దులిపింది.

కాలవ దగ్గర ఊరంతా ఉంది. పాస్టరుగారూ, సైకిలు షాపు సాయిబూ, చంకన పిల్లలతో ఆడవాళ్ళూ, అందరూ ఎగువకే చూస్తున్నారు. నేను కాలవ అడుగున మట్టి మీద కెమెరా పెట్టి కూర్చున్నాను. నాకు ఉన్నవి నాలుగు నిమిషాలు. ముందే మొదలుపెడితే నీళ్ళు వచ్చేసరికి ఫిల్మ్ ఉండదు. కెమెరా ముందు మనిషి ఉంటే బాగుండు, నీళ్ళు కాళ్ళకు తగిలితేనే నీళ్ళని తెలుస్తుంది. ఎవరైనా దిగండయ్యా అంటే ఒక్కడూ దిగలేదు. వరద కొట్టుకొచ్చి తోసేస్తుందని భయం.

"నేను నిలబడతా" అని పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తుకుని గట్టు దిగింది. "ఎక్కడ నిలబడాలో సెప్పు."

చూపించాను. నిలబడింది. వంపు దగ్గర ఎర్రటి గీత ఒకటి కనపడింది. మీట నొక్కాను. కెమెరా గరగరమంటుంటే ఇంక నాకు వేరే చప్పుడు వినపడలేదు. వరదా లేదు, ఏమీ లేదు. మనిషి నడిచేదానికన్నా నెమ్మదిగా, పగుళ్ళలోకి దిగుతూ, నింపుకుంటూ, మళ్ళీ ముందుకొస్తూ వచ్చాయి. పెద్దమ్మ కాళ్ళ దాకా వచ్చి, ఆగినట్టే ఆగి, చుట్టూ పరుచుకున్నాయి. కడియాలు మునిగాయి. అప్పటికి నా కింద కూడా తడి. ఫిల్మ్ కొస పటపట కొట్టుకునేదాకా మీట మీద వేలు తియ్యలేదు.

"పడ్డదా?" అంది పెద్దమ్మ.

"ఏమో. మద్రాసులో కడిగితేగాని తెలవదు."

ఆమె మొహం మళ్ళీ వాడిపోయింది. గట్టు మీద జనం నీళ్ళలోకి దూకుతున్నారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకుంటున్నారు. నేనూ ఆమే డబ్బాలు మోసుకుంటూ ఇంటికి నడిచాం.

మద్రాసులో లాబొరేటరీవాళ్ళు కడిగి, ప్రింటు వేసి ఇచ్చేదాకా నేను తిన్న తిండి తిండి కాదు. పాతరలో వెలుతురు తగిలి ఉంటే బొమ్మంతా పొగ కమ్మినట్టుంటుంది. పొట్టు దూరి ఉంటే నిలువునా గీతలుంటాయి. ప్రొజెక్షన్ గదిలో గురువుగారు ముందు కూర్చున్నారు, నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. దీపం ఆర్పారు. తెర మీద పగుళ్ళిచ్చిన మట్టి వచ్చింది. నల్లగా ఉండాల్సింది నల్లగా, తెల్లగా ఉండాల్సింది తెల్లగా. ఒక్క గీత లేదు. నీళ్ళు వచ్చాయి. నేను గోడ వెంట జారి నేల మీద కూర్చున్నాను. నన్నెవరూ చూడనందుకు సంతోషించాను, ఎందుకంటే కళ్ళు తుడుచుకోవడానికి నా దగ్గర లెన్సు గుడ్డ తప్ప ఏమీ లేదు.

గురువుగారు మాత్రం, "ఊరంతా నీళ్ళను చూస్తోంది. ఈ ముసలామె ఏంటయ్యా, నీళ్ళు కాళ్ళ మీదికొచ్చినా నీవైపే చూస్తోంది?" అన్నారు.

నిజమే. తీసేటప్పుడు నా దృష్టంతా నీళ్ళ మీదే. ఇప్పుడు చూశాను. మొదట్నుంచి చివరిదాకా ఆమె చూపు కెమెరా మీదే ఉంది. పెదాలు కదులుతున్నాయి.

"మా పెద్దమ్మండీ" అన్నాను.

ఆయన, "ఉండనీ. అట్లాగే ఉండనీ" అన్నారు. లేచి పోతూ, "సోమవారం రా. కెమెరా తీసుకుపోదువుగాని" అన్నారు.

మా వైపు తంతి వచ్చిందంటే ఎవరో పోయారనే. అందుకని తంతి కొట్టకుండా నేనే రైలెక్కాను. గుంటూరులో మాచర్ల బండి పట్టుకుని, దిగి, బస్సెక్కి పోయాను. పెద్దమ్మ పందిరి కింద మిషను ముందు కూర్చుని ఉంది. నన్ను చూడగానే తొక్కడం ఆపింది. లేవలేదు. ఏం చెబుతానోనని కదలకుండా చూస్తోంది.

"బాగా వచ్చింది పెద్దమ్మా. ఒక్క మరక లేదు. కెమెరా నాకిచ్చేశారు."

ఆమె తల మిషను మీద ఆనించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. అన్నాళ్ళూ ఆమె సరిగా అన్నం తినలేదని పెద్దనాన్న లోపల్నుంచి అన్నాడు. చాలాసేపటికి చీర కొంగుతో మొహం తుడుచుకుని, నిటారుగా కూర్చుంది.

"అయితే ఇంక సెప్పరా" అంది. "ఆ రోజు నీళ్ళు ఎట్టొచ్చినయ్? కాళ్ళకి సల్లగా తగిలింది, అంతే తెలుసు. మిగతాది నేను సూళ్ళేదు."

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. ముందు చెత్తా పుల్లలూ వచ్చినయ్ పెద్దమ్మా, అని మొదలుపెట్టాను.